ఎకనామిక్స్ పీజీ తర్వాత ఏంటి? ఆరు వారాల కెరీర్ గైడెన్స్‌పై నా రివ్యూ

ఎకనామిక్స్‌లో మాస్టర్స్ పూర్తయ్యాక మూడు నెలలు నేను చేసిన పని ఒక్కటే. జాబ్ సైట్‌లో "ఎకనామిస్ట్" అని టైప్ చేయడం, వచ్చిన నాలుగైదు ప్రకటనల్లో పీహెచ్‌డీ కావాలని చదివి మూసేయడం. ఆ టెన్షన్‌లోనే ఒక ఆన్‌లైన్ కెరీర్ గైడెన్స్ సర్వీసులో చేరాను. పేరు రాయను. ఇలాంటివి చాలానే ఉన్నాయి, చేరేముందు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు. వారానికి రెండు రికార్డెడ్ క్లాసులు, చివరి మూడు వారాలు మెంటర్‌తో గంట చొప్పున విడిగా మాట్లాడే సెషన్లు.

ముందు నచ్చింది చెబుతాను. నాలుగో వారం మెంటర్ ఒక సర్వే డేటా ఫైల్ పంపి, చదువును బట్టి సగటు నెల ఆదాయం ఎంతో టేబుల్ వేసి తెమ్మన్నారు. గంటలో వేసేశాను, అడగకపోయినా చదువుకూ ఆదాయానికీ సంబంధం ఎంతో లెక్కగట్టే రిగ్రెషన్ కూడా చేసి పెట్టాను. ఆవిడ రిగ్రెషన్ వైపు చూడనే లేదు, టేబుల్‌లో ఒక గడి మీద కర్సర్ ఆపి "ఇంత సంపాదిస్తున్నది ఎవరండీ?" అన్నారు. చూస్తే బడికే వెళ్ళనివాళ్ళ సగటు ఆదాయం డిగ్రీ చదివినవాళ్ళ కంటే ఎక్కువ వచ్చింది. ఆదాయం చెప్పనివాళ్ళందరికీ ఆ ఫైల్‌లో 99999 అని కోడ్ వేసి ఉంది, నేను దాన్ని కూడా ఆదాయమనుకుని కలిపేశాను! ఎండోజెనిటీ (కారణం, ఫలితం కలగలిసిపోయే చిక్కు) గురించి పేజీలకు పేజీలు రాసిన నాకు, ముందు ఏ కోడ్‌కు ఏ అర్థమో రాసి ఉండే కోడ్‌బుక్ తెరిచి చూడాలన్న అలవాటే లేదు. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చేయించారు, ఒక్కో వేరియబుల్‌కు కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, ఖాళీలు ఎన్ని అని. ఇంటర్వ్యూల్లో డేటా టాస్క్ ఇచ్చేది ఇలాంటివి పట్టుకుంటామా లేదా అని చూడటానికేనట. కట్టిన ఫీజుకు ఆ ఒక్క గంట చాలు.

తర్వాతి వారం రెజ్యూమె. "ఎకనోమెట్రిక్స్, స్టాటా (గణాంకాల సాఫ్ట్‌వేర్) వచ్చు" అని రాసుకున్న లైన్ కొట్టేయించి, థీసిస్‌లో ఏ డేటా వాడాను, ఏ ప్రశ్నకు జవాబు వెతికాను, చివరికి ఏం తేలింది అన్నది రెండు వాక్యాల్లో రాయించారు. వెతికే పదం కూడా మార్పించారు. మన పని ప్రకటనల్లో రకరకాల పేర్లతో ఉంటుంది. బ్యాంకుల్లో క్రెడిట్ రిస్క్ అనలిస్ట్, పోటీ చట్టాల కేసులు చూసే కన్సల్టెన్సీల్లో రీసెర్చ్ అనలిస్ట్, స్వచ్ఛంద సంస్థల్లో కార్యక్రమాలు పనిచేస్తున్నాయో లేదో కొలిచే మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్, ప్రొఫెసర్ల దగ్గర ఒకటి రెండేళ్ళు పూర్తికాలం పనిచేసే ప్రీడాక్. పీహెచ్‌డీకి వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళకు ఈ చివరిది చాలా పనికొస్తుంది, పరిశోధన అంటే రోజూ ఎలా ఉంటుందో ఐదారేళ్ళు పెట్టకముందే తెలిసిపోతుంది.

ఇక రికార్డెడ్ క్లాసులు. నిజంగా కోపం వచ్చింది. టెక్ కంపెనీల మీద క్లాసంతా ఎకనామిస్ట్ హాల్ వేరియన్ కథే. ఆయన 2002లో గూగుల్‌కు వెళ్ళడం, యాడ్‌ల వేలం మీద పనిచేయడం నిజమే, వినడానికి బాగుంది కూడా. కానీ ఆయన అప్పటికే పేరున్న ప్రొఫెసర్, మొన్న పీజీ అయిన మనిషికి ఆ దారి ఎలా చూపిస్తారు? మనలాంటివాళ్ళు అక్కడికి ఎక్కువగా వెళ్ళేది డేటా అనలిస్టులుగా. దానికి డేటాబేస్ నుంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్ రావాలి, రెండు వెర్షన్లలో ఏది మెరుగో పోల్చే ఏ/బీ టెస్ట్ ఫలితం చూసి మేనేజర్‌కు మామూలు మాటల్లో చెప్పగలగాలి. ఈ రెండూ ఆ క్లాసులో ఒక్కసారి కూడా వినిపించలేదు.

అంతర్జాతీయ సంస్థల క్లాసు ఇంకా నిరాశ. ప్రపంచ బ్యాంకు యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ పేరు చెప్పారు గానీ, దానికి వయోపరిమితి ఉంటుందని చెప్పలేదు. ఏళ్ళ తరబడి ప్లాన్ వేసుకునేవాళ్ళకు ముందు తెలియాల్సింది అదే కదా. పీజీ వాళ్ళను రెండేళ్ళపాటు అల్పాదాయ, మధ్యాదాయ దేశాల ప్రభుత్వాల్లో ఎకనామిస్టులుగా పనికి పంపే ఓడీఐ (బ్రిటన్‌లోని ఒక పరిశోధన సంస్థ) ఫెలోషిప్ 1963లోనే మొదలైంది, దాని ఊసే లేదు. పీహెచ్‌డీ లేకుండానే ఎకనామిస్ట్ అన్న పేరుతో పనిచేసే వీలున్న చోటును వదిలేస్తే ఇక ఏం చెప్పినట్టు? పైగా "మా ప్రత్యేక జాబ్ లిస్ట్" అంటూ ఇచ్చిన ఫైల్‌లో సగానికి పైగా అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ వాళ్ళ ఉద్యోగ ప్రకటనల సైట్ జేఓఈలో ఉన్నవే. ఉద్యోగం వెతికేవాళ్ళు అది ఉచితంగానే చూసుకోవచ్చు.

క్లాసులు వద్దు, మెంటర్ సెషన్లు మాత్రమే ఇస్తారా అని అడిగితే ఇస్తామన్నారు, కాబట్టి చేరేవాళ్ళు అలాగే అడగండి. మెంటర్ ఇంతకుముందు ఎక్కడ పనిచేశారో కూడా కనుక్కోండి. మా మెంటర్ సర్వేలు నడిపిన మనిషి కాబట్టే ఆ 99999 మీద ఆగారు. ఇంకొకటి, మొదటి సెషన్‌కు ముందు మీ థీసిస్ కోడ్ ఫైల్ తెరిచి నడుస్తోందో లేదో చూసుకోండి. నాది ఫోల్డర్ పేరు మారి నడవలేదు, ఇరవై నిమిషాలు దానికే పోయాయి.