‘గన్‌స్మోక్’ రేడియో నాటకాలు: ఏ కాపీ వినాలి, ఎలా వినాలి

పాడ్‌కాస్ట్ యాప్‌లో ‘గన్‌స్మోక్’ మొదలుపెట్టే ముందు సెట్టింగుల్లోకి వెళ్లి, నిశ్శబ్దాన్ని కత్తిరించే ఏర్పాటు ఉంటే ఆపేయండి. ఒకటింపావు వేగంతో వినే అలవాటున్నవాళ్లు మామూలు వేగానికి దిగండి. ఇందులో మాటల మధ్య ఖాళీ కూడా కథే. సెలూన్ (సారా దుకాణం) తలుపు తోసుకుని వచ్చినవాడు బల్లదాకా నడిచి, కుర్చీ లాక్కుని, గ్లాసు కింద పెట్టేదాకా ఒక్కోసారి ఎవరూ నోరు విప్పరు. ఆ ఐదారు సెకన్లనూ యాప్ మింగేస్తే మిగిలేది మామూలు కౌబాయ్ కథ.

ఈ ధారావాహిక అమెరికాలోని సీబీఎస్ రేడియోలో 1952 ఏప్రిల్ 26న మొదలై 1961 జూన్ 18న ముగిసింది. 480 దాకా ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట. స్థలం 1870ల నాటి కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ. టెక్సాస్ నుంచి పశువుల మందల్ని తోలుకొచ్చి రైలెక్కించే ఊరు కాబట్టి, నెలల తరబడి దుమ్ముకొట్టుకుపోయి చేతిలో డబ్బు పడ్డ కుర్రాళ్లకు అక్కడ కొదవ లేదు. ఊళ్లో చట్టాన్ని కాపాడే మార్షల్ మ్యాట్ డిల్లన్‌గా విలియం కాన్రాడ్, అతని సహాయకుడు చెస్టర్‌గా పార్లీ బేర్, డాక్టరుగా హోవర్డ్ మెక్‌నియర్, సెలూన్‌లో ఉండే కిట్టీగా జార్జియా ఎలిస్. దర్శక నిర్మాత నార్మన్ మెక్‌డొనెల్, ప్రధాన రచయిత జాన్ మెస్టన్. 1955 నుంచి టీవీలో జేమ్స్ ఆర్నెస్‌తో 20 ఏళ్లు నడిచింది గనక ఆ పేరు వినగానే చాలామందికి ఆ ముఖమే మెదులుతుంది. రేడియోది వేరే సరుకు. టీవీ చెస్టర్ కుంటుతాడు, రేడియో చెస్టర్ కుంటడు. రేడియో డాక్టరు, ముఖ్యంగా తొలి ఎపిసోడ్లలో, శవం దొరికితే ఫీజు వస్తుందని సంబరపడే రకం.

వందల ఎపిసోడ్ల తర్వాత కూడా నిలిచేది డిల్లన్ ఓటమి. తుపాకీ పోరులో గెలుస్తాడు, మనుషుల్ని మాత్రం తరచూ కాపాడలేకపోతాడు. మెస్టన్ కథల్లో చివరికి న్యాయం జరిగినా ఎవరికీ సంతోషం ఉండదు. 1952 నాటి ‘ది కాబిన్’ వింటే ఇది తెలిసిపోతుంది. తుఫానులో దారి తప్పి ఒక గుడిసె తలుపు తట్టిన డిల్లన్, లోపల ఇద్దరు దుర్మార్గులు, వాళ్ల చేతిలో చిక్కిన ఒక ఆడమనిషి. అంతే, నాలుగు గొంతులు, గాలి చప్పుడు. పిల్లల పక్కన పెట్టుకుని వినేది కాదు. ‘బ్లడీ హ్యాండ్స్’లో చంపి చంపి విసిగిపోయిన డిల్లన్ మార్షల్ బిళ్ల తీసి పక్కన పెట్టేస్తాడు. ఈ రెండూ నచ్చకపోతే మిగతావాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

శబ్దాల పని ఈ ధారావాహికకి ప్రాణం. రే కెంపర్, టామ్ హాన్లీ, బిల్ జేమ్స్ ఆ విభాగం చూసుకున్నారు. చెక్క నడవ మీద బూటు చప్పుడు వేరు, మట్టి వీధిలోకి దిగాక వేరు. ఎవరైనా వీధి దాటితే నిజంగా వీధి దాటేంతసేపు అడుగులు వినిపిస్తాయి. దూరంగా కుక్క మొరుగుతుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. మన ఆకాశవాణి నాటకంలో బరువంతా సంభాషణ మీద ఉంటుంది. పాత్ర తానెక్కడున్నదీ ఏం చేస్తున్నదీ నోటితో చెబుతుంది. ఆ అలవాటున్న చెవికి మొదటి నాలుగైదు ఎపిసోడ్లు అయోమయంగా ఉండొచ్చు. హెడ్‌ఫోన్స్‌తో వింటే త్వరగా పట్టు దొరుకుతుంది. బస్సులో మాత్రం వద్దు: గొణుగుళ్లు వినపడవు, వినపడాలని శబ్దం పెంచితే తుపాకీ చెవులు పగలగొడుతుంది. తప్పదంటే శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టుకోండి.

ఇక కాపీల సంగతి. చాలామంది మధ్యలో వదిలేసేది కథ బాగోక కాదు, చెత్త కాపీ వల్ల.

32 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా అన్న కొలత, అంకె తగ్గితే నాణ్యతా తగ్గుతుంది) ఎంపీత్రీలు ఎక్కువగా తిరుగుతున్నాయి. వాటిలో మాటలు పర్వాలేదు గానీ వాన, గాలి, గుంపు శబ్దాలు నీళ్లలో బుడగల్లా సుడి తిరుగుతాయి. 64 కేబీపీఎస్ మోనో (ఒకే ఛానెల్) చాలు. 128 స్టీరియో అని గొప్పగా రాసి ఉన్నా మూలం మోనోయే, చోటు దండగ. పైగా కొన్ని స్టీరియో ఫైళ్లలో రెండు ఛానెళ్లూ ఫేజు తారుమారై, అంటే ఒకదాని తరంగం రెండోదానికి తలకిందులై, ఉంటాయి. మోనోలోకి కలిపితే గొంతు పలచబడి దాదాపు మాయమవుతుంది. అలాంటప్పుడు కలపకుండా ఒక ఛానెల్ తీసేసి రెండోది ఉంచుకోవాలి.

వేగం తేడా రెండో జబ్బు. కాన్రాడ్ గొంతు బావిలోంచి వచ్చినంత లోతు. అది కుర్రాడి గొంతులా వినిపిస్తే టేపు వేగంగా తిరిగిందన్నమాట. శబ్దాన్ని సవరించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ స్థాయి శబ్దం ఎంతుందో చూపే పటం) తీసి కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల చేరే సన్నటి గుంయ్, ఎక్కడుందో చూడండి. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మనలాగా 50 కాదు. ఆ పటానికి విండో సైజు 65536 పెట్టాలి, చిన్నది పెడితే 60కీ 62కీ తేడా కనపడదు. 62 దగ్గర ఉంటే కాపీ మూడు శాతం పైగా వేగంగా ఉన్నట్టు. 0.968తో వేగం మార్చాలి, టెంపో కాదు, ఎందుకంటే టెంపో మారిస్తే గొంతు స్థాయి అలాగే ఉండిపోతుంది. ఒక మెలిక ఉంది: ఆ హమ్ తర్వాతెప్పుడో కాపీ చేసేటప్పుడు చేరినదైతే లెక్క తప్పుతుంది. అనుమానం వస్తే ఎపిసోడ్ మొదట్లో వచ్చే, రెక్స్ కోరీ కట్టిన బాణీ శ్రుతిని మంచి కాపీతో పోల్చి చూడడమే మార్గం.

బుసబుస తగ్గించే ఫిల్టర్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. 12 పెడితే బుసతో పాటు దూరపు కుక్క, గుర్రం జీను కిర్రు కూడా పోతాయి.

అరగంట స్లాటులో సగం నిమిషం పోను 29:30 దాకా ఉన్నది సీబీఎస్ ప్రసారపు కాపీ. 25 నిమిషాల చుట్టూ ఉంటే అది చాలావరకు విదేశాల్లోని అమెరికన్ సైనికుల కోసం ప్రకటనలు తీసేసి డిస్కులకెక్కించిన కాపీ అయి ఉంటుంది. ఖాళీల్లో సంబంధం లేని సంగీతం పోస్తారు. శుభ్రంగానే ఉంటుంది గానీ అంకాల మధ్య బిగువు సడలిపోతుంది. తొలినాళ్లలో ప్రాయోజకులే లేరు గనక 1952 ఎపిసోడ్లకు ఈ బెడద తక్కువ. తర్వాతివి సిగరెట్ ప్రకటనలతోనే వినడం మేలు. ముగ్గురు చచ్చిన మరుక్షణం ఎల్ అండ్ ఎం ఫిల్టర్ గొప్పతనం వినడం అదో వింత వినోదం.

లోపాలు లేకపోలేదు. జాన్ డేనర్, విక్ పెరిన్, లారెన్స్ డాబ్‌కిన్, హారీ బార్టెల్ వంటి కొద్దిమందే వారం వారం వేషాలు మారుస్తారు. నిన్న డిల్లన్ చేతిలో చచ్చినవాడు ఇవాళ రైతుగా లేస్తాడు. రోజుకి రెండుకి మించి వింటే ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, మనసూ దిగాలు పడుతుంది. అమెరికా మూలవాసుల పక్షం వహించే కథలున్నా, ఆ పాత్రల్ని తెల్ల నటులు విరుపు ఇంగ్లీషులో పలకడం ఇవాళ చెవికి గుచ్చుకుంటుంది. చివరి రెండేళ్లలో చెస్టర్, డాక్టర్ల కీచులాటే ఎక్కువై కథ పలచబడింది. ఎంచుకోవాల్సి వస్తే 1952 నుంచి 1956 దాకా వరసగా వినండి.

అవి అయ్యాక 1958 నాటి ‘ఫ్రాంటియర్ జెంటిల్‌మన్’ పట్టుకోండి. 41 ఎపిసోడ్లు, లండన్ విలేకరిగా అదే జాన్ డేనర్, సంగీతం జెర్రీ గోల్డ్‌స్మిత్‌ది. జేమ్స్ స్టీవర్ట్ నటించిన ‘ది సిక్స్ షూటర్’ 39 ఎపిసోడ్లే, మెత్తగా సాగుతుంది, ఇంటిల్లిపాదీ వినొచ్చు. 1933లో డెట్రాయిట్‌లో పుట్టిన ‘లోన్ రేంజర్’ పిల్లల కోసం రాసింది. చరిత్ర కోసం నాలుగు విని ఆపేయొచ్చు.