జాగ్రత్త: వీ కన్సోల్‌తో "ఫుల్ వార్ సెట్" కొనేవాళ్లు డబ్బివ్వకముందే ఇవి చూసుకోండి

టీవీకి తగిలించి ఆడే నింటెండో వీ (Wii) కన్సోల్, రెండో ప్రపంచ యుద్ధం షూటింగ్ గేమ్‌లు, ప్లాస్టిక్ తుపాకీ అన్నీ కలిపి "ఫుల్ వార్ సెట్" పేరుతో సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతున్నారు. అలాంటి సెట్ ఒకటి నేను కొన్నాను. రిమోట్ ఒరిజినల్ అన్నారు, ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చు అన్నారు, తుపాకీ మంచి కండిషన్‌లో ఉందన్నారు. మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. డబ్బు ముట్టాక అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకొకరు ఇలా నష్టపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు రిమోట్ సంగతి, ఎందుకంటే ఆటంతా దాని మీదే నడుస్తుంది. రిమోట్ ముందు కొసన నల్లటి ప్లాస్టిక్ వెనక చిన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్ చేసే పనల్లా రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగించడమే. ఆ రెండు వెలుగులను కెమెరా చూస్తుంది. దాన్నిబట్టే మనం స్క్రీన్ మీద ఎక్కడ గురిపెట్టామో తేలుతుంది. బౌలింగ్ లాంటి ఆటల్లో గురి కాస్త అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. ఫస్ట్ పర్సన్ షూటర్‌లో, అంటే సైనికుడి కళ్లతో చూస్తూ కాల్చే ఆటలో, అలా కుదరదు. గురి గుర్తు స్క్రీన్ అంచుకు చేరితే మన సైనికుడు అటువైపు తిరుగుతాడు. అంటే తుపాకీ ఒక్కటే కాదు, చూపు కూడా రిమోట్ చేతిలోనే ఉంటుంది.

నాకు అంటగట్టింది డూప్లికేట్ రిమోట్. గోడ చాటు నుంచి తల ఎత్తి ఎదురుగా ఉన్న మెషిన్ గన్ మీద గురిపెట్టగానే గుర్తు ఎగిరి మూలకు పోయేది. నా సైనికుడు గిర్రున తిరిగి ఆకాశం చూస్తూ నిలబడేవాడు, వెనక నుంచి తూటాలు తగిలేవి. మళ్లీ మొదటి నుంచీ అదే చోటు, అదే చావు. ఫోన్ ఎత్తినంతకాలం అమ్మినాయన చెప్పిన సాకు ఏంటంటే, మా గదిలో వెలుతురు ఎక్కువట. ఎండ, కొవ్వొత్తి, పాతరకం ఫిలమెంట్ బల్బు రిమోట్‌ను తికమకపెట్టే మాట నిజమే, వాటిలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి. అందుకే కర్టెన్లు వేసి, లైట్లు ఆర్పి చూశాను. మార్పు లేదు. స్నేహితుడి ఒరిజినల్ రిమోట్ తెచ్చి అదే గదిలో, అదే బార్ ముందు పట్టుకుంటే గురి కదలకుండా నిలబడింది. ఇక అనుమానం ఏముంది!

కొనేచోటే దీన్ని పట్టుకోవచ్చు. కన్సోల్ ఆన్ చేయించి మెనూలో చెయ్యి ఆకారంలో ఉండే గుర్తును చూడండి. రిమోట్‌ను టీవీ వైపు పట్టుకుని తాళంచెవిలా మెలితిప్పితే ఆ చెయ్యి కూడా అదే వాటంలో తిరగాలి. తిరగకపోయినా, ఉండి ఉండి మాయమవుతున్నా ఆ రిమోట్ వద్దు. తర్వాత సెట్టింగ్స్‌లో సెన్సర్ బార్ సెన్సిటివిటీ స్క్రీన్ తెరవండి. నల్లటి తెర మీద సరిగ్గా రెండు తెల్లచుక్కలు కనిపించాలి. మూడోది కనిపిస్తే గదిలో ఏదో వెలుగు అడ్డుపడుతున్నట్టు. ఒకటే కనిపిస్తే బార్‌లో ఒకవైపు లైట్లు పోయి ఉండొచ్చు, అప్పుడు బార్‌ను ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూడండి. కంటికి కనపడని లైట్లు ఫోన్‌లో ఊదారంగులో మెరుస్తాయి.

ఇక ఆ తుపాకీ. దాని పేరు వీ జాపర్, 2007లో వచ్చింది. లోపల ఏ సర్క్యూటూ లేదు, అది రిమోట్‌ను, నంచక్‌ను (రెండో చేత్తో పట్టుకునే, స్టిక్ ఉన్న కంట్రోలర్) బిగించే తొడుగు, అంతే. ట్రిగ్గర్ లాగితే లోపలి ప్లాస్టిక్ మీట రిమోట్ కింది బీ బటన్‌ను నొక్కుతుంది. నాకిచ్చినదాంట్లో ఆ మీట విరిగి ఉంది, ట్రిగ్గర్ ఊరికే ఊగుతోంది. అది బాగున్నా అన్ని గేమ్‌లకూ పనికిరాదు. కాల్ ఆఫ్ డ్యూటీ 3 జాపర్ కంటే ముందే, 2006లో వచ్చింది. అందులో మీదపడిన శత్రువును తోసెయ్యాలంటే రెండు చేతులూ విడివిడిగా ఆడించాలి, జీపు తోలేటప్పుడు రెంటినీ స్టీరింగ్‌లా పట్టుకోవాలి. తొడుగులో బిగిస్తే అదెలా కుదురుతుంది?

ఆన్‌లైన్ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. వీ గేమ్‌లకు నింటెండో ఇచ్చిన ఆన్‌లైన్ సర్వీసు 2014 మే 20నే ఆగిపోయింది. మెడల్ ఆఫ్ ఆనర్ హీరోస్ 2 ఒకప్పుడు 32 మంది కలిసి ఆడుకునేలా వచ్చిన గేమ్. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, డిస్క్ పెట్టి నేరుగా ఆన్‌లైన్‌లోకి వెళ్లే దారి ఇప్పుడు లేదు. కొన్ని గేమ్‌లకు అభిమానులు నడిపే సర్వర్లు ఉన్నాయి గానీ, వాటికోసం సాఫ్ట్‌వేర్ మార్పులు చేసుకోవాలి. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

నాకు ఇంకా బాధ కలిగించేది, వేరే కన్సోల్‌లో ఆడినవాళ్లు పేరు చూసి అదే గేమ్ అనుకుని కొనడం. వీలో కాల్ ఆఫ్ డ్యూటీ 3కి మల్టీప్లేయర్ అసలు లేదు. అదే సిరీస్‌లో 2008లో వచ్చిన వరల్డ్ ఎట్ వార్‌లో అందరూ చెప్పుకునే జాంబీల మోడ్ వీ డిస్క్‌లో లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఆడదామని కొంటుంటే, ఆ ఫలానా మోడ్ వీ వెర్షన్‌లో ఉందా అని ముందే కనుక్కోండి.

డిస్క్ ఏ ప్రాంతానిదో కూడా చూడాలి. అమెరికా కన్సోల్‌లో యూరప్ డిస్క్ ఆడదు, యూరప్ కన్సోల్‌లో అమెరికా డిస్కూ ఆడదు. పెట్టె మీద పెగి వయసు గుర్తు ఉంటే యూరప్‌ది, ఈఎస్‌ఆర్‌బీ వయసు రేటింగ్ అక్షరం ఉంటే అమెరికాది. టీవీ విషయం ఒక్క మాట: వీకి హెచ్‌డీఎంఐ పోర్ట్ లేదు, బొమ్మ స్పష్టత (రిజల్యూషన్) 480పీ దాటదు. మీ టీవీకి పాతరకం ఆడియో-వీడియో (AV) పోర్టులు లేకపోతే అడాప్టర్ కొనాల్సి వస్తుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయకపోతే మంచి రిమోట్ అయినా గురి ఆలస్యంగా కదిలినట్టు ఉంటుంది.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. స్నేహితుడి రిమోట్‌తో ఆడిన ఆ కాసేపు నిజంగా బాగుంది. బొటనవేలితో స్టిక్ తిప్పడం కంటే చేత్తో నేరుగా గురిపెట్టడం నాకు చాలా నచ్చింది. కాబట్టి గేమ్‌లు కొనొద్దని నేను అనడం లేదు.

నాకు అమ్మిన మనిషి అవే ఫొటోలతో మళ్లీ ప్రకటన పెట్టాడు. ఫొటోలో తుపాకీ పక్కన రిమోట్ తలకిందులుగా ఉంటుంది, ముందు కొస కనిపించదు. అలాంటిది మీ కంటపడితే, టీవీలో వీ మెనూ ముందు రిమోట్ మెలితిప్పుతున్న వీడియో అడగండి. పంపకపోతే కొనకండి.