నాలుగేళ్ళ చోడి జావ: మీటర్ చెప్పిన లెక్క

ముందే చెప్పేస్తాను. జావ తాగితే షుగర్ తగ్గుతుందని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. నాలుగేళ్ళ కిందట నేనూ అదే నమ్మాను. మొదటి పది నెలలు రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగాను. పది నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 8.4 నుంచి 8.2కి వచ్చింది. అంతే. మరి ఇవాళ పొద్దున ఏం తాగావంటే, జావే.

మీరు రాగులంటారు, తెలంగాణలో తైదలంటారు, మా విజయనగరం వైపు చోళ్ళు. చిన్నప్పుడు మా ఇంట్లో టిఫిను అన్న మాటే లేదు. రాత్రి అమ్మ చోడిపిండి నీళ్ళలో కలిపి మూతపెట్టేది. తెల్లారేసరికి అది పులిసి పైన సన్నగా బుడగలు కట్టేది. నూకలు ఉడుకుతుంటే ఆ పిండి పోసి తిప్పేది. చల్లారాక మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి పొలానికెళ్ళేవాళ్ళు. నేను చదువుకుని విశాఖపట్నం వచ్చి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కల పనిలో కుదిరాక ఆ అంబలి పోయి ఇడ్లీ, పూరీ వచ్చాయి. 2021లో, యాభై ఏళ్ళ వయసులో, కాలికి తగిలిన చిన్న దెబ్బ ఎంతకీ మానకపోతే పరీక్ష చేయించుకున్నాను. దాంతో షుగర్ బయటపడింది.

ఇంక అందరూ డాక్టర్లే. వాట్సాప్ నిండా రాగి జావ. సూపర్ మార్కెట్‌లో ఒక మాల్ట్ డబ్బా కొన్నాను. డబ్బా మీద మొలకెత్తిన గింజల బొమ్మ, ఆరోగ్యం అన్న మాట పెద్దక్షరాల్లో. వెనక చిన్నక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టిక నేను చదివింది రెండో డబ్బా సగమయ్యాక. రాగుల తర్వాత రెండో పేరే చక్కెర. అప్పటికి మా ఆవిడ అందులో బెల్లం ముక్క కూడా వేసేది, బెల్లం ఫరవాలేదట కదా అని. ఇంట్లో వేలు గుచ్చి షుగర్ చూసుకునే మీటర్‌కి బెల్లమూ చక్కెరా ఒకటే.

పది నెలల రిపోర్టు చూశాక ఉక్రోషం వచ్చింది. లెక్కలు రాసేవాణ్ణి, నా షుగర్ లెక్క వేరేవాళ్ళు చెబితే వినడమేంటి అనిపించింది. ఒక రూళ్ళ పుస్తకం తీశాను. పరగడుపున ఒక రీడింగు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఇంకొకటి. ఒక్కో రకానికి కనీసం మూడు రోజులు. షుగర్ మాత్ర అదే, రెండో రీడింగు అయ్యేదాకా నడక లేదు. స్ట్రిప్పుల ఖర్చు చూసి ఇంట్లో గొడవ కూడా అయింది.

పరగడుపున నాకు 120, 130 మధ్య ఉండేది. నాలుగు ఇడ్లీలు పల్లీ చట్నీతో తింటే రెండు గంటలకు 215. ఆ మాల్ట్ పాలతో తాగితే 238. ఇంట్లో పట్టించిన మెత్తటి పిండితో, బెల్లం లేకుండా, నాలుగు పెద్ద చెంచాల పిండి వేసి పలచగా కాచిన జావకి 221. అంటే ఇడ్లీ మానేసి జావ తాగి నేను సాధించింది ఏమీ లేదు.

మా డాక్టరు గారు పుస్తకం తిరగేసి, పిండి ఎంత వేస్తున్నారు అని ఒక్క ప్రశ్న వేశారు. తూచలేదన్నాను. ఇంటికొచ్చి తూస్తే 60 గ్రాముల పైమాట. వంద గ్రాముల చోడిపిండిలో పిండిపదార్థమే 70 గ్రాముల దాకా ఉంటుంది. బియ్యంలో 78. తేడా ఎంతో చూడండి. చోళ్ళలో కాల్షియం బియ్యానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పీచు కూడా బాగా ఎక్కువ, ఆ రెండూ నిజమే. కానీ ఆ పేరు చెప్పుకుని గ్లాసులకు గ్లాసులు తాగితే లోపలికెళ్ళే పిండిపదార్థం ఎక్కడికి పోతుంది?

సగం చేసి 30 గ్రాములకు దిగాను. అదే మెత్తటి పిండి, అదే పలచటి జావ: 188. ఒకరోజు ఊరికే గంటకే గుచ్చుకుని చూశాను. 252! రెండు గంటల రీడింగే చూసుకుంటూ మధ్యలో ఎక్కి దిగిన కొండని నేను చూడలేదన్నమాట. పదిన్నరకల్లా ఎందుకంత ఆకలేస్తోందో, ఆఫీసు కింద బజ్జీల బండి ఎందుకంత పిలుస్తోందో అప్పుడు అర్థమైంది.

కారణం మరీ బ్రహ్మవిద్య కాదు. గింజని ఎంత మెత్తగా ఆడిస్తే అరుగుదల అంత తొందరగా మొదలవుతుంది. దాన్ని నీళ్ళలో బాగా ఉడికించి పలచగా చేశామంటే నమిలే పని కూడా మనమే తీసేశాం. ఇక మొలకెత్తించి ఎండబెట్టి చేసే మాల్ట్‌లో గింజే తన పిండిని చక్కెరలుగా విడగొట్టుకోవడం మొదలుపెట్టేస్తుంది. అందుకే మాల్ట్ జావ ఎంత పిండి వేసినా చిక్కబడదు, తియ్యగానూ ఉంటుంది. అన్నం తినలేని పసిపిల్లలకి అది వరం. నాలాంటి వాడికి కాదు.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ నా గ్లాసులోకి తొంగిచూసి, "ఇదేట్రా, కుడితిలాగ ఉంది? అంబలంటే గరిటెకి అంటుకోవాల" అంది. అక్కడే దారి దొరికింది.

ఇప్పుడు నేను చేసేది ఇది. చోళ్ళు కడిగి ఆరబెట్టి పిండిమర దగ్గరికి తీసుకెళ్ళి సన్నరవ్వలా ఆడించమంటాను. మర అబ్బాయికి మొదట నచ్చలేదు, "మెత్తగా ఆడకపోతే మీ ఇంట్లో నన్ను తిడతారు సార్" అన్నాడు. జల్లించను. రాత్రి 30 గ్రాములు తూచి అర గ్లాసు నీళ్ళలో కలిపి మూతపెడతాను. విశాఖ ఎండాకాలంలో ఏడెనిమిది గంటలకే పులుపు ముక్కుకి తగులుతుంది, చలికాలంలో పన్నెండు గంటలు కావాలి. పొద్దున గ్లాసు నీళ్ళు మరిగించి, పులిసిన పిండిని కింద నుంచి బాగా కలిపి పోస్తాను. పోసిన మొదటి రెండు నిమిషాలు గరిటె వదిలితే అడుగున ఉండలు కడుతుంది, ఫోను మోగినా తీయొద్దు. ఎనిమిది, పది నిమిషాలకి రంగు ముదురుతుంది, బుడగ పైకొచ్చి టప్ మని పగులుతుంది, గరిటె ఎత్తితే ధారగా కాక ముద్దముద్దగా జారుతుంది. దించి పూర్తిగా చల్లారనిస్తాను. చల్లారితే పిండిపదార్థంలో కొంత అంత సులభంగా అరగని రకంగా మారుతుంది. అందులో కొంచెం చిక్కటి మజ్జిగ, చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ. నూకలు వేయను. అమ్మకి ఈ ఒక్క విషయంలో నా మీద కోపం.

ఇలా చేసిన అంబలికి రెండు గంటల రీడింగు 172. దానికి ముందు రెండు ఉడికించిన గుడ్లూ ఒక కీరదోసకాయా తిని, పది నిమిషాలాగి అంబలి తాగితే 155. గుడ్డు తినని రోజు, అంటే మా ఇంట్లో శనివారం, నానబెట్టి ఉడికించిన శనగలు. అప్పుడు 160 దాటింది, అయినా సంతోషమే. తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలని డాక్టరు గారు పెట్టిన గీత. బజ్జీల బండి కూడా పదిన్నరకి పిలవడం మానేసింది.

ఒక్క పొరపాటు మాత్రం చెప్పాలి. రీడింగులు బాగా వస్తున్నాయన్న ఉత్సాహంలో ఒకరోజు గుడ్లు లేకుండా సగం కప్పు అంబలి తాగి, మాత్ర మామూలుగానే వేసుకుని, గాజువాక నుంచి ఆఫీసుకి సగం దూరం నడిచాను. నా మాత్రల్లో అప్పట్లో గ్లిమిపిరైడ్ అనే షుగర్ దించే మందు ఉండేది. తిన్నా తినకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. బస్టాపులో చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయింది, ఎదురుగా వస్తున్న బస్సు బోర్డు చదవలేకపోయాను. పక్కనున్న టీ కొట్టాయన నా మొహం చూసి కుర్చీ వేశాడు. సంచీలోని మీటర్‌తో చూస్తే 62, అంటే షుగర్ మరీ పడిపోయింది. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాను, పావుగంటకి 94. టిఫిను తగ్గించేటప్పుడు మాత్ర సంగతి డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దు. తర్వాత నా మాత్ర మార్చారు.

మిగతావి కూడా చూశాను. నిమిషంలో అయిపోయే మసాలా ఓట్స్‌కి 212 వచ్చింది, ఉప్పు వేరే తలనొప్పి. గింజని రెండు మూడు ముక్కలుగా కోసిన ఓట్స్ బాగా పనిచేశాయి, కానీ ధర ఎక్కువ, నా నాలుకకి అది తిండిలా అనిపించలేదు. జొన్న అంబలి నా రీడింగుల్లో చోడి అంబలికి అటూఇటూగానే ఉంది. కొర్రల జావ మెత్తటి పిండితో చేస్తే మళ్ళీ పాత కథే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మా వీధిలోనే రెండు మిల్లెట్ కొట్లు వచ్చాయి. రెండింట్లోనూ ఎక్కువ అమ్మేది మెత్తటి పిండే.

ఇబ్బందులు లేకపోలేదు. పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ ఇది కుదరదు. మజ్జిగ మిరపకాయలు నంజుకునే అలవాటైతే బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు ఎక్కువైపోతుంది, నాకు అదీ అయింది. మొదటి రెండు వారాలు కడుపు ఉబ్బరం. పదికి మార్కులు వేయమంటే పలచటి జావకి నాలుగు, అంబలికి ఏడున్నర. నా హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 6.8. అదంతా అంబలి గొప్పే అనలేను. మాత్ర మారింది, సాయంత్రం నలభై నిమిషాల నడక వచ్చింది, రాత్రి అన్నం సగమైంది. నా ఒంట్లో వచ్చిన అంకెలే మీ ఒంట్లో రావాలని కూడా లేదు, మా తమ్ముడికి ఇదే అంబలికి 190 వస్తుంది.

మొన్న వంటింటి కాటాలో బ్యాటరీ అయిపోయింది. నాలుగేళ్ళ అలవాటు కదా, చేతికి తెలియదా అని నాలుగు రోజులు చారెడు లెక్కన పోశాను. బ్యాటరీ వేశాక ఆ చారెడు తూస్తే 52 గ్రాములు. ఆ నాలుగు రోజుల రీడింగులూ పుస్తకంలో ఎర్ర సిరాతో ఉన్నాయి.