సీటూసిమ్ వాడాక: ఒక దేశం ఆర్డర్ ఇంకో దేశం సిమ్యులేటర్‌కు ఎంతవరకు అర్థమవుతుంది?

మిత్రదేశాల సైన్యాల ఉమ్మడి శిక్షణ కోసం కమాండ్ సిస్టమ్‌లనీ (కమాండర్లు ఆర్డర్లు ఇచ్చే, రిపోర్టులు చూసే సాఫ్ట్‌వేర్) యుద్ధాన్ని కంప్యూటర్‌లో నడిపే సిమ్యులేటర్లనీ కలిపే పని నాది. రెంటినీ కలిపే దారి లేనప్పుడు ఒక ఆపరేటర్ కూర్చుని, కమాండర్ ఇచ్చిన ఆర్డర్‌ను తెర మీద చదివి సిమ్యులేటర్‌లో మళ్లీ టైప్ చేయాలి. ఆ పని తప్పించడానికే, సిమ్యులేషన్ ప్రమాణాలు తయారుచేసే సీసో (SISO) సంస్థ తెచ్చిన ప్రమాణం సీటూసిమ్ (C2SIM). అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ ఉచితంగా ఇచ్చే, సిస్టమ్‌ల మధ్య సందేశాలు చేరవేసే ఓపెన్‌సీటూసిమ్ సర్వర్‌తో కలిపి దాన్ని వాడాను.

బాగా నచ్చింది ఇనిషియలైజేషన్, అంటే ఏ యూనిట్ ఎక్కడుందో అన్ని సిస్టమ్‌లకూ మొదట్లోనే ఒకేలా అందించడం. పాత పద్ధతిలో మొదటి పరిస్థితికి 2008 నాటి ఎంఎస్‌డీఎల్ (MSDL), ఆర్డర్లకూ రిపోర్టులకూ 2014 నాటి సీ-బీఎంఎల్ (C-BML), రెండు వేర్వేరు ప్రమాణాలు. రెంటిలో యూనిట్ల పేర్లు కలవక పడే అవస్థ చిన్నది కాదు. 2020లో వచ్చిన సీటూసిమ్ రెంటినీ ఒక్కటి చేసింది. ప్రతి యూనిట్‌కూ ఒక యూయూఐడీ (మరి దేనికీ ఉండని గుర్తింపు సంఖ్య) ఉంటుంది, మొదటి స్థానం నుంచి చివరి రిపోర్ట్ దాకా అదే నడుస్తుంది. ఆలస్యంగా చేరిన సిస్టమ్ కూడా సర్వర్‌ను అడిగి మొదటి పరిస్థితి తెచ్చుకోవచ్చు. ఆరు సిస్టమ్‌లను జంటలుగా కలపాలంటే 15 లింకులు కావాలి. ఇక్కడ సిస్టమ్‌కు ఒక అడాప్టర్ (సిస్టమ్ భాషను సీటూసిమ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్) చొప్పున ఆరు చాలు. కమాండర్ రేపు యుద్ధంలో వాడబోయే తెర ముందే కూర్చుని శిక్షణ పొందుతాడు. నా దృష్టిలో ఇంత ఖర్చుకు, ఇంత టెన్షన్‌కు అసలు ఫలితం అదే.

అయితే సందేశం ఎక్స్ఎంఎల్ స్కీమా (రాత రూపం సరిగ్గా ఉందో లేదో చూసే నియమాలు) పాసైనంత మాత్రాన అర్థం చేరినట్టు కాదు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ అడాప్టర్ దారి మధ్యలోని పాయింట్లు వదిలేసి, చివరి పాయింట్ మాత్రమే సిమ్యులేటర్‌కు పంపింది. ఎర్రర్ ఏమీ రాలేదు. వంతెన మీదుగా వెళ్లాల్సిన దళం సిమ్యులేటర్‌లో నేరుగా నదిలోకి దిగింది. కొన్ని సిమ్యులేటర్లు 'స్వాధీనం చేసుకో' అన్నా, 'అక్కడికి వెళ్లు' అన్నా ఒకే పని చేస్తాయి. దీనికి ప్రమాణాన్ని తప్పుపట్టలేం, కానీ ట్రైనింగ్ పాడయ్యేది ఇక్కడే.

సిమ్యులేటర్లు తమలో తాము కలవడానికి హెచ్ఎల్ఏ (HLA) గానీ డిస్ (DIS) గానీ, అంటే సిమ్యులేటర్లను ఒకదానితో ఒకటి కలిపే ప్రమాణాల్లో ఒకటి, వేరుగా ఉండాల్సిందే. సీటూసిమ్‌తో వచ్చిన ఎల్ఓఎక్స్ (LOX) అనే విస్తరణ కూడా నేల మీది ఆపరేషన్లకే. నౌకాదళం పనులు కలపాలనుకునేవాళ్లు అది ముందే చూసుకోవాలి.

అడాప్టర్ కొనేముందు, అది నిజంగా నడిపే టాస్క్ కోడ్‌ల ('స్వాధీనం చేసుకో' లాంటి పనుల సంకేతాలు) లిస్ట్ రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్కో కోడ్‌కూ ఒక ఆర్డర్ పంపి, దళం ఏం చేస్తుందో తెర మీద చివరిదాకా చూశాకే సంతకం పెట్టండి.