విల్లు గ్రిప్ బాగు చేయించుకునేవాళ్లు జాగ్రత్త, మీ ఒరిజినల్ గ్రిప్ పంపకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లలకు ఆర్చరీ నేర్పిస్తున్నవాళ్లంతా దయచేసి చదవండి. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘చెమట పట్టినా జారదు’ అంటూ రోజూ వీడియోలు పెడుతున్నాడే, గ్రిప్పులు (విల్లును చేత్తో పట్టుకునేచోట బిగించే పిడి) చేసిచ్చే ఆయన, ఆయన సంగతే. పేరు రాయను, మీకు తెలుసు.

మా పాపది రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగి ఉండే రకం విల్లు. అరచేతులకు చెమట ఎక్కువ. మన ఉక్కపోత గురించి చెప్పేదేముంది, పొద్దున్నే ఒళ్లు తడిసిపోతుంది. జారుతుందన్న భయంతో విల్లును వేళ్లతో బిగించి పట్టుకునేది. అలా పడితే బాణం వదిలేటప్పుడు విల్లు మెలి తిరిగి బాణం పక్కకు పోతుంది. 60 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లే మరి.

జారని గ్రిప్ చేసిమ్మంటే ఆయన 1,800 రూపాయలు అడిగాడు, ఇచ్చాను. “కొలతల కోసం పాత గ్రిప్ పంపండి సార్, కొత్తదాంతో పాటు తిరిగి పంపిస్తా” అన్నాడు. ఆ వాయిస్ మెసేజ్ నా ఫోన్‌లో ఉంది.

పార్సిల్ విప్పితే ఒకటే గ్రిప్. తిప్పి చూస్తే లోపలివైపు పాప స్కెచ్ పెన్‌తో రాసుకున్న పొడి అక్షరాలు అలాగే ఉన్నాయి. మా గ్రిప్‌నే గరుకు కాగితంతో అరగదీసి, పైన నల్లటి రబ్బరు పూసి పంపాడు. చెక్క గ్రిప్ అది. బొటనవేలి మొదట్లో కండ ఆనేచోట సన్నటి వాలు ఉండేది, పాప చెయ్యి అలవాటు పడింది దానికే. ఆ వాలు మొత్తం పోయింది. ఇక గ్రౌండ్‌లో ఎండ తగిలేసరికి రబ్బరు మెత్తబడి జిగురు తేలింది. చెయ్యి తీస్తే అరచేతి నిండా నల్లటి మరక.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. వేరే నంబరు నుంచి చేస్తే ఎత్తాడు. మా పాత గ్రిప్ ఏదయ్యా అంటే “మీ దగ్గరున్నది అదే కదా” అన్నాడు. వాయిస్ మెసేజ్ గుర్తు చేసేసరికి అన్న మాట ఇది: “మీ పాపకి చేతుల జబ్బుంటే నా గ్రిప్ ఏం చేస్తుంది? ఆ చేతులతో ఆర్చరీ ఎందుకు సార్, క్యారమ్స్ ఆడించుకోండి.”

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పాప పక్కనే కూర్చుని కొబ్బరినూనెతో ఆ మరక రుద్దుకుంటోంది. తలెత్తలేదు. నూనె గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

డబ్బులు పోతే పోయాయి. పసిదాన్ని పట్టుకుని జబ్బు అంటాడా? అరచేతుల్లో చెమట ఎంతమందికి పట్టదు? పోటీల టెన్షన్‌లో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ పిల్లల ఇబ్బంది మీదే కదా ఈయన వ్యాపారం నడిచేది! తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. గ్రూపులో నేను పెట్టిన ఫొటోలు కూడా తీసేశారు, ఎందుకో అడ్మిన్ చెప్పాలి.

ఎవరు అడిగినా ఒరిజినల్ గ్రిప్ చేతికివ్వకండి. కొలతలు కావాలంటే మీ ఎదురుగా తీసుకోమనండి. బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే పల్చటి గ్రిప్ టేప్ ఒక్క పొర చుట్టినా చాలావరకు జారదు, తడిస్తే విప్పి మార్చుకోవచ్చు. మందంగా చుట్టొద్దు, చెయ్యి ఆనే తీరు మారిపోతుంది. ఫింగర్ స్లింగ్ (విల్లు చేజారి పడకుండా వేళ్లకు వేసుకునే చిన్న తాడు) కూడా వేయించండి, విల్లు పడిపోతుందన్న భయం లేకపోతే వేళ్లు వాటంతటవే వదులవుతాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. ఈయన దగ్గర మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీ పార్సిల్ ఫొటోలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు నాకు పంపండి, కలిపి పెడదాం.