డ్యూక్ చాపెల్: లోపలికి వెళ్ళే ముందు గుమ్మం దగ్గర ఆగండి

నార్త్ కరోలినాలో డర్హమ్ వైపు వెళ్ళేవాళ్ళకి డ్యూక్ యూనివర్సిటీ చాపెల్ (క్యాంపస్‌లోని చర్చి) చూసి రండి అని ఎవరో ఒకరు చెప్తారు. చూడాల్సిందే, టికెట్ కూడా లేదు. కాకపోతే చాలామంది 210 అడుగుల గోపురం ముందు ఫొటో దిగి, లోపల 77 రంగుటద్దాల కిటికీల కింద మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి బయటికొచ్చేస్తారు. అసలు కథ గుమ్మంలోనే ఉంది.

గుమ్మానికి ఒకవైపు క్రైస్తవ మత సంస్కర్తలు లూథర్, విక్లిఫ్, సావొనరోలా రాతి విగ్రహాలు, పైన మెథడిస్టుల (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) మూలపురుషుడు జాన్ వెస్లీ. రెండోవైపు ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్, కవి సిడ్నీ లానియర్, ఒక ఖాళీ గూడు. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది సైన్యానికి జనరల్ అయిన రాబర్ట్ లీ అక్కడ ఉండేవాడు. వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి దురహంకారుల ర్యాలీ గొడవల తర్వాత 2017 ఆగస్టులో ఎవరో ఆ విగ్రహం ముఖం పగలగొట్టారు, యూనివర్సిటీ దాన్ని తీసేసింది, ఏడాది తర్వాత ఆ గూడుని ఖాళీగానే ఉంచుదామని తేల్చింది. నాకైతే నచ్చింది, ఇంకెవరినో తెచ్చి పెట్టి ఏమీ జరగనట్టు ఉండటం కంటే ఇదే నయం.

డబ్బు జేమ్స్ డ్యూక్‌ది, పొగాకు మీదా కరెంటు మీదా సంపాదించింది. క్యాంపస్ నడిబొడ్డున చర్చే ఎత్తుగా కనబడాలన్నది ఆయన పట్టు. 1925లో పోయాడు, పునాదిరాయి పడింది 1930లో, ప్రతిష్ఠ జరిగింది 1935లో. చాపెల్ ఎదురుగా ఆయన విగ్రహం చేతిలో చుట్టతో నిలబడి ఉంటుంది (మెథడిస్టు చర్చి ముందు చుట్ట, ఎవరికీ అభ్యంతరం లేనట్టుంది).

ఇక దీన్ని డిజైన్ చేసింది ఫిలడెల్ఫియాలో హొరేస్ ట్రంబావర్ సంస్థలో ముఖ్య డిజైనర్‌గా పనిచేసిన జూలియన్ ఏబెల్. నల్లజాతీయుడు. తను గీసిన ఈ క్యాంపస్‌లో నల్లవాళ్ళకి సీటే లేదు, పీజీ కోర్సుల తలుపులు 1961లో, డిగ్రీవి 1963లో తెరుచుకున్నాయి, ఆయనేమో 1950లోనే చనిపోయాడు. 1986లో ఆయన బంధువుల అమ్మాయి ఒకరు అక్కడే చదువుతూ స్టూడెంట్ పేపర్‌కి ఉత్తరం రాస్తే గానీ డిజైన్ చేసింది ఆయనేనన్న సంగతి చాలామందికి తెలియలేదు. చాపెల్ ముందున్న మైదానానికి ఆయన పేరు పెట్టింది 2016లో! ఇదంతా తెలిసి చూస్తే ఆ రాతిగోడలు వేరేగా కనిపిస్తాయి.

ఆదివారం ఆరాధనకి వెళ్తే ముందు వరుసల్లో కూర్చోండి. మొదట్లో గోడల టైల్స్ శబ్దాన్ని పీల్చేసేవట, ప్రసంగం స్పష్టంగా వినబడేది కానీ సంగీతం తేలిపోయేది. పెద్ద ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలి ఊది మోగించే చర్చి వాద్యం) పెట్టాలనుకున్నాక 1970ల్లో శబ్దాన్ని పీల్చకుండా ఆ టైల్స్‌కి పూత వేశారు. ఇప్పుడు ఆర్గన్ మోగితే ఒళ్ళు జలదరిస్తుంది, ప్రసంగం మాత్రం వెనక కూర్చుంటే ప్రతిధ్వనికి మాట మీద మాట పడి సగం అర్థం కాదు.

మామూలు రోజుల్లో సాయంత్రం అయిదింటికి కారిలాన్ (గోపురంలో 50 లోహపు గంటలున్న వాద్యం) వాయిస్తారు, బయట గడ్డిలో కూర్చుని వింటేనే బాగుంటుంది. పిల్లలకి గోపురం ఎక్కిస్తామని మాత్రం మాటివ్వకండి, మామూలుగా పైకి పంపరు.