వెజైనల్ కోన్స్ సెట్ కొనాలా?

దగ్గినా, తుమ్మినా, నీళ్ల బకెట్ ఎత్తినా మూత్రం జారే ఆడవాళ్ల కోసం అమ్మే వాటిలో వెజైనల్ కోన్స్, అంటే యోనిలో పెట్టుకునే చిన్న బరువులు, పాతకాపులే. ప్లెవ్నిక్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిని 1985లో ముందుకు తెచ్చాడు. సైజు ఒకటే, బరువులు వేరు. చాలా సెట్లు 20 గ్రాముల దగ్గర మొదలై 70 దాకా వెళ్తాయి. కోన్‌ని టాంపాన్‌లా లోపల పెట్టుకుని, పనులు చేసుకుంటూ 15 నిమిషాలు జారకుండా ఆపాలి, రోజుకు రెండుసార్లు. అది తేలికైపోతే తర్వాతి బరువు.

చిక్కల్లా, జారలేదంటే మూత్రాన్ని ఆపే అడుగు కండరం (పెల్విక్ ఫ్లోర్) పనిచేసిందనుకోవడంలో ఉంది. కోన్ లోపల అడ్డం తిరిగితే ఏమీ బిగించకపోయినా ఆగుతుంది. పైగా 15 నిమిషాలు ఏకబిగిన పట్టి ఉంచడం కండరం బలపడే తీరు కాదు. అది అలిసిపోతుంది, కొందరికి నొప్పి కూడా వస్తుంది. నెలసరిలో, గర్భంతో ఉన్నప్పుడు, ఇన్ఫెక్షన్ ఉంటే వాడనే కూడదు.

బో అనే పరిశోధకురాలి బృందం 1999లో నార్వేలో, ఆ కండరాన్ని బిగించి వదిలే వ్యాయామాన్ని, కోన్లను, కరెంటు చికిత్సను ఆరు నెలలు పోల్చి చూస్తే వ్యాయామానిదే పైచేయి అయింది. దానికి సామాను ఖర్చు లేదు కానీ పద్ధతి ఉంది. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోవాలి. గ్యాస్ ఆపుతున్నట్టు వెనక, మూత్రం ఆపుతున్నట్టు ముందు, రెండూ కలిపి లోపలికీ పైకీ లాగాలి. 6 నుంచి 8 సెకన్లు పట్టి, అంతే సేపు పూర్తిగా వదలాలి. వదలడాన్ని చాలామంది ఎగ్గొడతారు. వైద్య మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్ సంస్థ నైస్ 2019లో చెప్పిన లెక్క: విడతకు కనీసం 8 బిగింపులు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు, అదీ పర్యవేక్షణలో. దగ్గు, తుమ్ము వచ్చే ముందు క్షణంలో బిగించడం కూడా అలవాటు చేసుకోవాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం రోజువారీ సాధనగా పెట్టుకోవద్దు.

ఊపిరి బిగబట్టడం, పిరుదులూ తొడలూ బిగించడం మామూలు తప్పులు. అసలు ప్రమాదం కిందికి ముక్కడం. 1991లో బంప్ బృందం, ఈ బిగింపును నోటిమాటగా మాత్రమే నేర్చుకున్న 47 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే సగం మందే సరిగ్గా బిగించారు. పావు వంతు మంది చేసిన తీరు మూత్రం జారడాన్ని పెంచేలా ఉంది. ఏ కోనూ, ఏ యాప్ వీడియో కూడా ఈ తప్పును వేలితో పరీక్షించినంత కచ్చితంగా పట్టదు.

కాబట్టి ముందు డబ్బు పెట్టాల్సింది పెల్విక్ ఫ్లోర్ చూసే ఫిజియోథెరపిస్టు దగ్గర. "లోపల పరీక్షించి బలానికి 0 నుంచి 5 దాకా మార్కు వేస్తారా?" అని ఫోన్లోనే అడగండి. చార్టు చేతిలో పెట్టి పంపేసే చోటికి ఫీజు దండగ. బిగింపు సరిగ్గా ఉందని తేలాక, ఉత్త వ్యాయామం విసుగనిపిస్తే కోన్స్ తీసుకోవచ్చు. వాడాక సబ్బుతో కడిగి ఆరబెట్టండి, ఒకరివి ఇంకొకరు వాడొద్దు. మూత్రంలో మంటో రక్తమో కనిపిస్తే ఇవన్నీ పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి.